కడిగిన కాళ్ళే కడుగుతారు

కాళ్ళు కడిగి ఉంచమన్నారు నాన్నా, మీ అల్లుడు. వింటున్నావా? తెల్లారగట్ల నీ ఊపిరి ఆగిపోయిందని చెప్పగానే ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. "రత్తమ్మా, జనం వచ్చేలోగా మీ నాన్న కాళ్ళు శుభ్రంగా కడిగి ఉంచు. సంఘమంతా చూస్తుండగా నేను కడుగుతాను" అన్నారు.

నాకు ఏడుపు రావట్లేదు. నువ్వేమీ అనుకోకు. లోపల అసలేమీ లేనట్టుంది. నిన్ను వసారాలో చాప మీద పడుకోబెట్టి ఈగల్ని తోలుతున్నాను, అంతే.

మా ఇంటి సంగతి నీకు తెలీనిదేంటి? ఈస్టరు ముందు శ్రమల వారంలో గురువారం నాడు ప్రార్థనాలయంలో కాళ్ళు కడిగే ఆరాధన. ప్రభువు తువ్వాలు నడుముకి చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, అలాగే సంఘపెద్ద రాజరత్నంగారు, అదే, మీ అల్లుడు, పేదవాళ్ళ కాళ్ళు కడుగుతారు. గొప్పవాడంటే నలుగురికీ ఊడిగం చేసేవాడేనని ప్రసంగం. ఎంత బాగా చెబుతారనుకున్నావ్! మిషను దొరసానిగారికి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి.

మరి అంతకుముందు ప్రార్థనాలయం వెనక కాలవగట్టున జరిగేది ఎవరికి పట్టింది? ఒక ఏడాది చేలోంచి వచ్చినవాళ్ళ మట్టికి ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. దొరసానిగారి ముందు ఏం బాగుంటుందండీ అన్నారెవరో. అప్పట్నుంచీ వాళ్ళని వెనక గట్టున కూర్చోబెట్టి, కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో నేను తోముతాను. ఆ తరవాతే లోపలికి వెళ్తారు. కడిగిన కాళ్ళే ఆయన కడుగుతారు.

నాకదేం కష్టంగా ఉండేది కాదు, నిజం. వాళ్ళతో నాలుగు మాటలాడేదాన్ని. నాకదే ఆరాధన.

కానీ ఈ ఏడు కాళ్ళు కడిగించుకోడానికి నువ్వెందుకొచ్చావు, చెప్పు? పోయినేడే బాప్తిస్మం తీసుకున్న కొత్తవాడివి, ఊరుకోవచ్చుగా! "అంతటాయన నా కాళ్ళు పట్టుకుంటాడంటే!" అని నవ్వుకుంటూ, నరసాపురం రేవులో పడవ పని మానుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చావు. బతుకంతా నీళ్ళలో నానిన కాళ్ళు. వేళ్ళ సందుల్లో పుళ్ళు. తోమితే పోయేవా అవి?

ఆయన గట్టు మీదికొచ్చి చూశారు. "మావయ్యగారూ, వచ్చే ఏడు చూద్దాం లెండి" అన్నారు. తిట్టలేదు, కసరలేదు. గారూ, అండీ అన్నీ పెట్టారు. నువ్వేమో "అలాగే బాబూ" అని కాళ్ళు పంచె కింద దాచుకున్నావు.

వచ్చే ఏడంట! పుళ్ళు చీము పట్టి, జ్వరం తగిలి, ఈస్టరు వెళ్ళిన వారానికే అయిపోయావు.

ఇప్పుడు కడిగితే అందరూ మెచ్చుకుంటారు మరి. పడవ నడిపే మామగారి కాళ్ళు పట్టుకున్నాడు, ఎంత తగ్గింపు మనిషో అంటారు.

అందుకే నేను కడగలేదు నాన్నా. నీళ్ళు తెచ్చాను, పీచు తెచ్చాను, కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నీ పాదాల మీద దుప్పటి కప్పేశాను. ఉన్న కాళ్ళు ఉన్నట్టే కడగనీ. ఈ ఒక్కసారి కడిగితే చాలు, ఆయన చెప్పేదంతా నిజమేనని నమ్మి మిగతా బతుకు వెళ్ళదీసేస్తాను.

అదిగో, వచ్చేశారు. దొరసానిగారు కూడా ఉన్నారు. పళ్ళెం కింద పెట్టారు. తువ్వాలు చుట్టుకున్నారు. దుప్పటి తీశారు.

చూస్తున్నారు.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు.

"రత్తమ్మా!"

విన్నావా? నన్నే. మళ్ళీ పిలుస్తున్నారు, మెల్లగానే.

వస్తున్నానండి. కాస్త జరగండి. ఆ పీచు ఇలా అందుకోండి.

సరేలే, ఏం చేస్తాం. గట్టు మీద చేసే పని ఇవాళ అందరి ముందూ చేస్తాను. చూస్తే చూడనీ. కాలు ఇటివ్వు నాన్నా.