ఖాళీ వంతెన లెక్క

కావలి దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్ పద్మనాభయ్య గది. ఉప్పుటేటి మీద ఆయన భద్రమని రాసిచ్చిన కాలినడక వంతెన గంగమ్మ తిరునాళ్లనాడు జనంతో సహా కూలింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న వనజాక్షి, ఏటి అవతలి జాలర్ల పల్లె పిల్ల, ఎదురుగా నిలబడి ఉంది. ఆయన కూర్చోమనలేదు.

"మళ్లీ చెప్పు. ఐగెన్ విలువంటే ఏంది? రేపు విచారణలో కూర్చునేవాళ్లకు నీ మాత్రికలు అక్కర్లేదు."

"ఏ కట్టడానికైనా తనంతట తాను ఊగే తీరులు కొన్ని ఉంటాయి సార్. ఆ తీరులో కదిలించి వదిలితే రూపం మారదు, ఊపు మాత్రమే పెద్దదో చిన్నదో అవుతుంది. ఆ తీరు ఐగెన్ వెక్టారు. అది ఎంత వేగంగా ఊగుతుందో చెప్పే అంకె ఐగెన్ విలువ."

"ఉదాహరణ?"

"ఉయ్యాల. దాని లయకు సరిగ్గా తోస్తే చిటికెనవేలు చాలు, పైకి పోతుంది. లయ తప్పితే ఎంత బలంగా తోసినా లేవదు."

"బాగుంది. ఇంకా యాడ వాడతారు?"

"వీణ తీగ పలికే స్వరాలు అవే. పరమాణువులో ఎలక్ట్రాను నిలబడే శక్తి మెట్లూ అవే. విమానం రెక్క—"

"చాలు. వంతెనకు రా."

"అడ్డంగా ఊగే తీరుకు అన్నిటికన్నా చిన్న విలువ... సార్, ఇదంతా మీకు తెలుసు గదా."

"నాకు తెలుసు. నీ నోట రావాల."

"ఖాళీగా ఉంటే భయం లేదు. జనం నిండితే బరువు పెరుగుతుంది, ఆ విలువ దిగుతుంది. దిగి దిగి, మనిషి నడుస్తా అటూ ఇటూ ఒరిగే లయ దగ్గరికొస్తుంది. అప్పుడు వంతెన ఊగుతుంది. పడిపోకుండా జనం దాంతోపాటే అడుగేస్తారు. దాంతో ఇంకా—"

"ఇంకా ఊగుతుంది. మన వంతెన లెక్కలో నువ్వు జనం బరువు వేసినావా?"

"వేసినాను సార్. వేసి మీకు చూపించినాను."

"నేనేమన్నాను?"

"తీసెయ్యమన్నారు. తిరునాళ్లకు తెరవాలన్నారు. కట్టింది మీ తమ్ముడు గదా—"

"మా తమ్ముడి ఊసెత్తబాక. అడిగిందానికి చెప్పు. జనం బరువు వేసినావా?"

"వేసినాను."

"లేదు. మర్చిపోయినావు."

"సార్..."

"చిన్నపిల్లవు, మర్చిపోయినావు. నేను నిన్ను నమ్మి సంతకం పెట్టినాను. అంతే."

"నేనట్ట చెప్పను."

"చెప్పకపోతే నీ థీసిస్ ఎవరు చూస్తారు? పల్లెకు పోయి రొయ్యలు ఒలుచుకుంటావా?"

"ఒలుచుకుంటాను."

"సరే. ఒక్కటి చెప్పు. తీసెయ్యమన్నది నేను. తీసింది ఎవరి చెయ్యి?"

"మీరు చెప్తేనే గదా సార్."

"ఎవరి చెయ్యమ్మా?"

"నాదే."

"వంతెన తెరిచినాక మీ పల్లెవాళ్లకు ఎక్కొద్దని చెప్పినావా?"

"అంతమంది ఒకేసారి ఎక్కరులే అని మీరే అన్నారు. నమ్మినాను."

"చెప్పినావా, లేదా?"

"లేదు."

"చూడు మరి. మర్చిపోతే పొరపాటంటారు. తెలిసీ ఊరుకుంటే ఏమంటారు?"

"అట్టనబాకండి సార్."

"నేననను. రేపు వాళ్లంటారు. మర్చిపోయినానంటే నీకే మేలు."

"సాక్ష్యానికి వేరే ఎవరినన్నా పెట్టుకోండి. ప్రవీణ్ కూడా ఆ లెక్కల్లో ఉన్నాడు గదా. నేనక్కడ కూర్చోలేను. మా అమ్మ ఆ వంతెన మీదే పోయింది. మీకు తెలుసు సార్."

"తెలుసు. అందుకే ప్రవీణ్‌ని కాదని నిన్ను పెడుతున్నా. తల్లిని పోగొట్టుకున్న పిల్లే 'తప్పు నాదే' అంటే, అది అబద్ధమని ఎవడనుకుంటాడు?"