కడుపు మాడ్చుకొని పోయిన దినం

"ఎల్లయ్య మామా, మా ఆయన రెండు దినాల సంది బువ్వ ముడతలేడు. ఛాయ్ గూడ వద్దంటాండు. నువ్వు మొదట్ల ఎట్ల ఎల్లదీసినవో జర చెప్పు."

కూసో రజితా. ఆ స్టూలు ఇటు జరుపుకో, లేకుంటె నా చక్రాల కుర్చీ బండి తగుల్తది. లచ్చమ్మా, ఈ పిల్లకు ఛాయ్ పెట్టు.

ఆయన బువ్వ ఎందుకు ముడతలేడో నాకు ఎర్కే. స్లాబు మీదికెల్లి పడి కాళ్లు పడిపోయి మూడు నెలలాయె. తింటె బయటికి రావాలె, వస్తె నువ్వు ఎత్తిపొయ్యాలె. గందుకే నోరు కట్టుకున్నడు. అవునా? తల దించకు బిడ్డ. సిగ్గు ముచ్చటనే, కాదంటలేను. అయినా మాట్లాడాలె గద.

నేను కల్లుకు ఎక్కి తాటిచెట్టు మీదికెల్లి పడ్డ. నడుముకు కట్టిన మోకు తెగిందని అంటరు మంది. తెగలె, జారింది. ముసురుకు చెట్టు నానిపోయి ఉండె, ఇంట్లోల్లు పోవద్దన్నరు, నేనే ఇనలె. రొమ్ము కిందికెల్లి ఇగ ఏం తెల్వదు. చేతులు మిగిలినయి, నోరు మిగిలింది. ఆ నోరు పోయి కాళ్లు మిగిలినా బాగుండు అంటది మీ లచ్చమ్మత్త. ఇప్పటికి అంటది, అడుగు కావాలంటె.

దవాఖానల అందరం కాళ్ల గురించే అడిగినం. నడుస్తడా సారూ, ఎప్పుడు నడుస్తడు. దొడ్డికి ఎట్ల అని మాత్రం ఒక్కలం అడగలె. ఇంటికొచ్చినంక ఆరు దినాలు ఏం కాలె. ఏడో దినం మంచం, గోడ, దుప్పటి... సరే, నీకు చెప్పాల్నా.

మట్టెవాడల ఒక సిస్టరమ్మ ఉండె. రిటైరైన నర్సు, ఆదివారం చర్చికి పోయి అటే మా దిక్కు ఒచ్చేది. ఆమె నేర్పింది లచ్చమ్మకు. దినం విడిచి దినం, ఒక్కటే టైము, పొద్దుగాల ఛాయ్ తాగినంక అర్ధగంటకు; పొద్దటి పని అంటం మేము. ఎడమ పక్కకు ఒరగబెట్టి, గ్లౌజు ఏసిన వేలికి జెల్లీ రాసి, లోపట మెల్లగ తిప్పితె దొడ్డికైతది. గోరు తగిలితె నెత్తురొస్తది, నాకేమో తెల్వదు. అప్పటి సంది లచ్చమ్మ గోర్లు పెంచలె. కుడి చేతికి గాజులు ఎయ్యలె. మొదట్ల గ్లౌజులు కడిగి దండెం మీద ఆరేస్తె సిస్టరమ్మ సూసి తిట్టిన తిట్లు... ఇద్దరం నిలబడి ఇన్నం. నేను యాడ నిలబడ్డ, లచ్చమ్మ నిలబడ్డది.

ఏం చెప్తున్న? ఆఁ, స్వప్న ముచ్చట గూడ చెప్త. మా బిడ్డ అప్పుడు అయిదో తరగతి. ఇంట్ల ఉంటె ఈ పనులే సూసుకుంట పెరుగుతదని హాస్టల్ల ఏసినం, ఆటోల రెండు గంటల దూరం. వారానికి ఒక్క ఫోను. ఫోన్లనే పెంచిన దాన్ని. తలకు నూనె పెట్టుకున్నవా, లెక్కలు చేసినవా, నీళ్లు కాగబెట్టినయే తాగుతున్నవా. అన్ని అడుగుడే. చేసేది ఏముండె నాకు?

మొదటిసారి సూడ పోయినప్పుడు, గ్రౌండుల అందరి తల్లిదండ్రుల నడుమ, నాకైంది. నాకు తెల్వనే లేదు, వాసనొచ్చినంక తెలిసింది. మంది జరిగి కూసున్నరు. స్వప్న పోయి బకెటు నీళ్లు మోస్కొచ్చింది. చిన్న పిల్ల, సగం కాళ్ల మీద ఒంపుకుంట.

రెండోసారి పోయేముందు గట్టిగ అనుకున్న. తినకపోతె లోపట ఏముంటది? మూడు దినాలు బువ్వ బంద్, నీళ్లు గూడ గుక్కెడే. పొద్దటి పని గూడ వద్దన్న లచ్చమ్మకు. ఆమె మొత్తుకుంది. నేను ఇనలె.

సగం దూరం పోయినమో లేదో, తల పగిలిపోతాంది. మొఖం ఎర్రగై చెమట కారుతాంది, చేతుల మీద రోమాలు లేచినయి. ఎండదెబ్బ అనుకొని ఆటో ఆయన దించి చెట్టు నీడల పండబెట్టిండు. పండబెడితె ఇంక ఎక్కువాయె, కండ్లు మసకలు. ఉచ్చనో దొడ్డో లోపట ఆగితె గిట్లనే తల నొస్తది, పండబెట్టొద్దన్న సిస్టరమ్మ మాట గప్పుడు లచ్చమ్మకు యాదికొచ్చింది. లేపి కూసోబెట్టింది. మూత్రానికి ఏసిన పైపు సూసింది, మడత పడలె. కడుపు ముట్టింది, బండ లెక్కుంది. అందర్ని అటు తిరుగుండ్రని చెప్పి, చీర అడ్డం కట్టి, ఆ రోడ్డు పక్కనే... రాళ్లు బిడ్డ. రాళ్లే ఒచ్చినయి. కొద్దికొద్దిగ తలనొప్పి దిగింది.

అటే దవాఖానకు పోతె డాక్టరు అన్నడు, ఇంకింత ఆలస్యమైతె తలల నరం చిట్లుతుండె అని. తినకపోతె లోపట ఖాళీ అయితదనుకున్నవా, ఉన్నది ఎండి గట్టిపడతది, అది లోపట ఒత్తి బీపీ లేస్తది అని.

హాస్టలుకు పోనే లేదు. పొద్దూకినంక వార్డెన్ ఫోన్ల స్వప్న. ఎందుకు రాలె బాపు అన్నది. ఆటో చెడిపోయిందన్న. మల్ల అన్నది, "నేను పొద్దుగాలనే బకెటు నింపి బాత్రూం ఎనుక పెట్టిన బాపు. సబ్బు గూడ. ఎవర్ని ముట్టనియ్యలె."

జర ఆ నీళ్ల సీసా అందియ్యి.

ఇప్పటికి ఫోన్ చేస్తె మంది తిన్నవా అని అడుగుతరు. నా బిడ్డ, పొద్దటి పని అయిందా బాపు అని అడుగుతది. మీ ఆయనకు నేనే ఒచ్చి చెప్త ఇదంత. అవును గని, ఆయనకు తల గిట్ల నొస్తాందా?

"పొద్దటి సంది నొస్తాందంటాండు మామా. చెమటలు గూడ. మా అత్త పండబెట్టి బామ్ రాస్తాంది."

గది ముందుగాల చెప్పొద్దా బిడ్డ. లే. అత్తకు ఫోన్ కొట్టు, లేపి కూసోబెట్టుమను, నడుముకు బిగిసిన బట్ట వదులు చెయ్యుమను. మల్ల అంబులెన్సుకు కొట్టు. లచ్చమ్మా, పొయ్యి బంద్ చెయ్, గ్లౌజుల డబ్బ తీస్కొని ఈ పిల్ల ఎంట నడువు. నేను బండి తోలుకుంట ఎనుక ఒస్త.

పో బిడ్డ, చల్లగుండు. మీ ఇద్దరు టైముకు తిని, టైముకు... పైపు మడత పడ్డదేమో ముందు సూడుమని చెప్పు, కూసోబెట్టుమని చెప్పు, పండబెట్టొద్దని...