చుక్క లేకుండా పిండిన పాలు

కథలాపూర్‌లో ఆ ఇంటికి పాడి ఒక్క ఆవే. నిన్న ఈనిన ఆ ఆవు పొద్దెక్కినా లేవలేదు. చంటిపిల్లను చంకనేసుకుని కోడలు దాని చెవులు పట్టి చూసింది. వెనకే అత్త వచ్చింది.

“అత్తమ్మా, చెవులు సల్లవడ్డయి. మెడ డొక్కకు తిప్పుకొని పండుకున్నది.”

“కాల్షియం సీసా తే, నోట్లె పోద్దాం.”

“వద్దు, దానికి మింగే సత్తువ లేదు. ఊపిరితిత్తులల్లకు పోతే సస్తదట. ఫోన్ చేసిన, పసుల డాక్టర్ సారు కోరుట్ల నుంచి అస్తున్నడు, నరానికి ఎక్కిస్తడు.”

“ఎనిమిదిల బడి బందువెట్టినదానివి, నాకే చెప్తవా?”

“నేను గాదు, సారే ఫోన్ల చెప్పిండు. పొద్దుగాల పాలు మొత్తం పిండిన్రా అని గూడ అడిగిండు.”

“ఏమన్నవ్?”

“‘పిండిన’ అన్న. ఒంట్లున్న కాల్షియం అంత పాలల్ల పోయిందట. ఈనినంక రెండుమూడు దినాలు పొదుగు ఖాళీ చెయ్యద్దట.”

అత్త వంగి ఖాళీ పొదుగును తడిమింది.

“తొమ్మిదిండ్లకు జున్నుపాలు పంపాలని చుక్క లేకుంట పిండుమన్నది నేనే గదనే.”

“గా ముచ్చట సారుకు చెప్పలే.”

“ఎందుకు చెప్పలే?”

కోడలు చంటిపిల్లను మంచంలో పడుకోబెట్టి వచ్చింది. ఇద్దరూ కలిసి ఆవును నిటారుగా కూర్చోబెట్టి, పక్కకు ఒరగకుండా గడ్డిమోపు ఆనించారు.

సారు వచ్చి మందు మెల్లగా నరానికి ఎక్కించాడు. గంటకు ఆవు వణికి, పేడ వేసి, లేచి నిలబడింది. కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“పాలట్ల పిండుతరామ్మా?” అని సారు కోడలిని గట్టిగానే అడిగాడు.

“నేనే పిండిపిచ్చిన సారూ, కోడలు పిల్లనేమనకుండ్రి,” అంది అత్త. “మాపటికి ఎంత పిండాలెనో దానికి చెప్పుండ్రి. అది చెప్పినట్టే చేస్త.”