రత్నకుమారి గారికి మాట రాని సాయంత్రం

“సిస్టర్ గారూ, మన కాన్వెంట్లో ఈ మౌన ప్రార్థన ఎట్లా మొదలైందండీ?”

ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేశావా? కాస్త దగ్గరగా పెట్టుకో తల్లీ. నువ్వు మఠంలో చేరి మూడు నెలలేగా, నీకు తెలీదు. ఈ గొంతు థైరాయిడ్ ఆపరేషనప్పుడు ఇట్లా బొంగురుపోయింది. అంతకుముందు నలభై ఏళ్లు పూజలో పాటలన్నీ నేనే ఎత్తుకునేదాన్ని. హార్మోనియం కూడా నేనే... కాదులే, మొదట్లో వేరే సిస్టర్ వాయించేది. అది వేరే కథ.

ఆపరేషన్ అయిన ఏడాదే మన మదర్ గారన్నారు, నెలకో సాయంత్రం తలుపులు తీద్దాం, ఏ చర్చివాళ్లైనా రావచ్చు, బైబిల్లోంచి ఓ వాక్యం చదువుకుని గంటసేపు ఊరికే దేవుడి ముందు కూర్చుందాం, పాటొద్దు, ప్రసంగమొద్దు అని. నాకెంత కోపమొచ్చిందనుకున్నావ్! నా పాట పోయిందని అందరి నోరూ కట్టేస్తున్నారా అనుకున్నా. “టీ పెడతా గానీ నేను కూర్చోను” అని వంటింట్లోకి పోయా.

మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. పన్నెండేమో. వెనక వీధి రత్నకుమారి గారు కూడా. వాళ్లు ప్రొటెస్టెంట్లు. ఆవిడ ప్రార్థన చేస్తే బెంజ్ సర్కిల్ దాకా వినపడేది, నవ్వకు, నిజం. ఒక్కడే కొడుకు, ప్రభుదాసు. వన్ టౌన్లో బట్టల కొట్లో గుమస్తా. తాగేవాడు. ఈవిడ ప్రతి కూడికలోనూ వాడి పేరెత్తి, ఏడ్చి, అందరిచేతా ప్రార్థన చేయించేది. వాడికి తల కొట్టేసినట్టయి ఇంటికి రావడం మానేశాడు. అప్పటికి రెండేళ్లు.

మదర్ గారు వాక్యం చదివి కళ్లు మూసుకున్నారు. ఇక చూడు, ఒకళ్లు దగ్గు, ఒకళ్ల కుర్చీ కిర్రుకిర్రు. పది నిమిషాలకి రత్నకుమారి గారు లేచి, “స్తోత్రం తండ్రీ, నా బిడ్డ ప్రభుదాసు...” అని అందుకుంది. అంతే, ఆగిపోయింది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నా. నోరు తెరిచే ఉంది, మాట రావట్లా. అది ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కదమ్మా. స్టవ్ కట్టేసి వెళ్లి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నేనూ పక్కనే కూర్చున్నా.

మా నాన్న ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. తూకం దగ్గర బండ్ల వరుసలో పొద్దంతా ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం ఒక్క మాటా అనుకునేవాళ్లం కాదు. ఎంత బాగుండేదో! పాటల్లో పడి అదంతా మర్చేపోయా. ఆ సాయంత్రం దేవుడి పక్కన అట్లా కూర్చున్నట్టనిపించింది.

అయ్యాక, టీ చేత్తో పట్టుకుని ఆవిడ, “సిస్టర్ గారండీ, వాడి సంగతి ఊరందరికీ చెప్పానండీ. వాడి పక్కన ఒక్కరోజూ ఊరికే కూర్చోలేదండీ” అంది.

మర్నాడే ఆటో ఎక్కి వన్ టౌన్ వెళ్లి, కొట్టు ముందు బల్ల మీద కూర్చుంది. “ఎందుకొచ్చావమ్మా?” అని విసుక్కున్నాడట. “ఊరికేరా” అందట. ఇంకేం మాట్లాడలేదు. మధ్యాహ్నానికి వాడే టీ తెప్పించి చేతికిచ్చాడు. ఇక వారానికోసారి అట్లా వెళ్లేది. నాలుగో నెలలో, ఐదో నెలేమో, వాడే ఆవిణ్ణి బండి మీద ఇక్కడికి తీసుకొచ్చి గేటు బయట నిలబడ్డాడు. నేను వెళ్లి, “లోపల ఎవరూ నీ పేరెత్తరు బాబూ, రా” అన్నా. బండికి స్టాండు వేశాడు. వచ్చి చివర్న కూర్చున్నాడు.

తాగుడు ఒక్కసారే పోలేదులే, అబద్ధమెందుకు. రెండుసార్లు మళ్లీ మొదలెట్టాడు. ఇప్పుడు ముట్టక ఏడాది దాటింది. అమ్మ దగ్గరే ఉంటున్నాడు.

అన్నట్టు, ఇవాళ వాక్యం నువ్వు చదువుతున్నావటగా? భయమా? ఉండనీ, ఏం కాదు. మధ్యలో ఎవరైనా ఏడిస్తే మదర్ గారి వంక చూడకు, నువ్వే లేచి వెళ్లి వాళ్ల పక్కన కూర్చో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నీ చేతి మీదుగా ఎంతమంది ఊరట పొందుతారో... సర్లే, ఫోన్ ఆపి తలుపు తియ్యి. ఎవరో చెప్పులు విడుస్తున్నారు.