గోవిందరాజులు కారులో వెలిగిన లైటు

కరోనా ఆంక్షలు సడలించిన ఆ జూన్‌లో, జర్మనీలోని వాల్డార్ఫ్‌లో ఉండే మన తెలుగువాళ్లు పదిమంది తొలిసారి లక్ష్మణరావు ఇంటి పెరట్లో చేరారు. పదిమంది చేరాక గోవిందరాజులు నోరు ఊరుకుంటుందా? శ్రీచరణ్ తన కారులో క్రూయిజ్ కంట్రోల్ వార్నింగ్ లైటు వెలుగుతోందనీ, వర్క్‌షాపులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకట్లేదనీ అనడమే పాపమైపోయింది.

"ఓస్, ఆ పసుపు లైటేనా? జనవరిలో డెగ్గెన్‌డార్ఫ్ బయల్దేరితే నాకూ వెలిగింది. ఇంకొకడైతే బండి పక్కన పెట్టేవాడు. నేను దాని మీద స్టిక్కర్ అంటించి, ఆ మంచులోనే నూట ఎనభైలో పోనిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" అన్నాడు శ్రీచరణ్.

"బ్రేకు పోయింది. పోతే పోనీ అని కాళ్లు రెండూ సీటు మీదికి మడుచుకుని, ఒంటి వేలితో స్టీరింగ్ తిప్పుతూ, ఫ్లాస్కులో టీ తాగుతూ పోతున్నా. వెనకాల పోలీసులు. రెండొందల నలభైలో నన్ను అందుకోలేక, అద్దం దించి దండం పెట్టేశారు, కాస్త నెమ్మదిగా పొమ్మని."

"జర్మన్ పోలీసులు దండం పెట్టారా?" అన్నాడు లక్ష్మణరావు.

"రెండు చేతులూ ఎత్తి. ఇంకా వినండి. నా టైర్ల వేడికి మంచు కరిగి, న్యూరెంబర్గ్ దాటేసరికి వెనకాల రోడ్డంతా కాలువై పారుతోంది. అందులో బాతులు కూడా దిగాయి."

అందరూ పడీ పడీ నవ్వారు. గోవిందరాజులుకి మాత్రం నవ్వు రాలేదు. కథ ఆపితే ఆ జనవరి ఉదయం కళ్లముందుకొస్తుందని అతని భయం, అందుకే బాతుల వెనక హంసల్ని కూడా దింపబోతున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి టీ కప్పుల ట్రేతో సదియా వచ్చింది. ఉద్యోగం కోసం ఆమె ఈ ఊరికి మారి వారమే అయింది, లోపల ఉందని గోవిందరాజులుకి తెలీదు. ఆమె భర్త సయీద్, గోవిందరాజులూ హానోవర్‌లో ఒకే గదిలో మూడేళ్లుండి చదువుకున్నారు. సయీద్ జనవరిలో డెగ్గెన్‌డార్ఫ్‌లో కరోనాతో పోయాడు.

"మరి డెగ్గెన్‌డార్ఫ్‌ల ఎన్నింటికి దిగిన్రు అన్నా?" అంది సదియా.

అతను తల ఎత్తలేదు.

"రెండింటి దాంక చూసినం. పేర్లు రాయించినోళ్లనే ఖబరస్తాన్ లోపలికి రానిస్తమన్నరు. పెట్టె మొయ్యనీకి నలుగురు కావాలె. సయీద్‌కు మీరంటే పానం గదా, నాలుగో పేరు మీదే రాయించిన. ముగ్గురే అయిన్రు. మీ దిక్కు ఆ గోతులు తవ్వే జర్మన్ ముసలాయన పట్టిండు."

"ఇంటి ముందు పార్కింగ్ కూడా దాటలేదమ్మా," అన్నాడు గోవిందరాజులు. "లైటు వెలిగింది. దిగిపోయాను."

"సయీద్ కార్ల గూడ వెలుగుతుండె. ముందటి సెన్సర్ మీద మంచు పేరుకుంటె అట్లనే అయితది. దస్తీతోని తుడిస్తె పోతది."

"తెలుసమ్మా. సయీదే నేర్పాడు." అన్నాడు గోవిందరాజులు. "నాకు ఆ రోగమంటే భయమేసింది. లైటు ఒక సాకు దొరికింది."

సదియా ట్రే అతని వైపు తిప్పింది. అందరికంటే ముందు అతనికే కప్పు అందించింది. అందుకోవడానికి గోవిందరాజులుకి చెయ్యి రాలేదు.