ఓడిపోవడంలో రెండో బహుమతి

తాండూరులోని ఆ ప్రైవేటు బడికి నాపరాళ్ల వ్యాపారి ఒకాయన సర్టిఫికెట్ ఊపుకుంటూ వచ్చాడు. ఆయన్ని చూడగానే, వ్యక్తిత్వ వికాసం చెప్పే టీచరమ్మకు గుండెల్లో రాయి పడ్డట్టయింది.

“ఏంది మేడమ్ ఇది? మా శ్రేయకు రెండో ప్రైజా?”

“ఓటమిని తట్టుకునే పోటీ సార్. పీఈటీ సారు పిల్లలందర్నీ క్యారమ్స్‌ల కావాలనే ఓడగొట్టిండు. ఏడ్వకుండ, అలగకుండ ఎవరుంటరో చూసినం. నలభై మందిల రెండోదంటే మస్తు గొప్ప.”

“మా దగ్గర అంచు పగిలిన బండను రెండో రకమంటం. నా బిడ్డ గట్లనా?”

“జర కూసోండ్రి సార్. మంచినీళ్లు తాగుండ్రి.”

“నీళ్లొద్దు. ఫస్ట్ ఎవరికొచ్చింది?”

“గొర్లు కాసే భీమప్ప మనుమరాలు నవనీతకు.”

“ఆ పిల్లకు ఓడుడు అలవాటే ఉంటది! మా ఇంట్ల ఎన్నడు ఎవ్వరం ఓడలే. పోటీ మళ్ల పెట్టుండ్రి. ఓడుడుల గూడ మా బిడ్డనే గెలవాలె. కావాలంటే ట్యూషన్ పెట్టిస్త.”

“శ్రేయ గూడ ఏడ్వలే సార్. నవ్వుకుంట, ఓడగొట్టిన సారుకే థాంక్స్ చెప్పింది.”

“మరి మార్కులెందుకు కట్ చేసిండ్రు?”

టీచరమ్మ కిటికీలోంచి చూసింది. మైదానంలో శ్రేయ, నవనీత తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

“ఆఖర్ల జర భయపడ్డది సార్. ఒక్కటే మాట బతిమాలింది.”

“ఏమని?”

“‘నేను ఓడిపోయిన్నని మా డాడీకి చెప్పకుండ్రి మేడమ్, ఆయన తట్టుకోడు’ అన్నది.”