గోరింక నేనే

తరిగొప్పుల భూపాల్‌రెడ్డి చేతికి చాయ గిలాస వచ్చిందంటే ఇగ ముచ్చట మొదలైనట్టే. చాయ సల్లారిపోతది, అండ్ల ఈగ పడుతది, ముచ్చట మాత్రం తెగదు. విత్తనాల కంపెనీకి ఏజెంటు పని ఆయనది. జనగామ నుంచి మానుకోట దాక ఆయన కూసోని చాయ హోటల్ లేదు, ఆయన కోతలు ఇనని మనిషి లేడు. ఏ ఊళ్లె దిగితే ఆ ఊరికి సరిపోయే గొప్ప ఒకటి చెప్పుకుంటడు. దాంతోని ఎవ్వలకు నష్టం లేదు గనుక ఎవ్వలు అడ్డం చెప్పకపోయేది.

ఆ దినం కొత్తగూడల చిక్కుకున్నడు. సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు డిపోలు దాటుతలేవు, బళ్లకు తాళాలు పడ్డయ్. గూడూరు పోయే జీపు ఒకటి వస్తదని ఎవరో అంటే సారక్క హోటల్ రేకుల కింద కూసున్నడు. సన్నగ వాన పడుతున్నది. ఎదురుంగ బెంచి మీద భిక్షపతి, మక్కలు అమ్ముకొని ఇంటికి మళ్లినోడు. మూలకు గంగాబాయి, ఆమె బిడ్డ జమున. గంగాబాయికి చెవులు జర మందం. దవాఖానకు పోదామని తండా నుంచి ఇద్దరు వచ్చిన్రు.

"పంతులమ్మా, నీకు చక్కెర తక్కువ గదా?" అని సారక్క జమునను అడిగింది. తండా బడిల పిల్లలకు అక్షరాలు చెప్తది ఆ పిల్ల.

ఇంతమంది కూసున్నరు, ఒక్క ముచ్చట లేదాయె. భూపాల్ ఓర్సుకోలేకపోయిండు.

"సారక్కా, ఇయ్యాల నీ హోటల్ల ఎవరు కూసున్నరో ఎరుకేనా?"

"ఎవరు కూసుంటరు, జీపు దొరకనోళ్లు కూసుంటరు."

"కవి కూసున్నడు," అని సంచిలకెల్లి ఒక పుస్తకం తీసిండు.

'వాగొడ్డు' అని జనగామల అచ్చయ్యే నెల పత్రిక అది. జనగామ బస్టాండుల బెంచి మీద ఎవరో మర్చిపోతే, వానకు నెత్తి మీద పెట్టుకుందామని భూపాల్ తీసుకున్నడు. తెరిచి చూస్తే నడుమ పేజీల మొదటి బహుమతి వచ్చిన కవిత. పేరు 'యాడి'. రాసింది గోరింక. కింద సన్నటి అక్షరాలల్ల, ఈ కవి ఎవరో మాకు తెలియదు, ఎక్కడున్నా వచ్చి బహుమతి అందుకోవాలని మనవి, అని ఉన్నది. నిజం చెప్పాలంటే కవిత చదివినంక భూపాల్‌కు మనసుల ఏందో అయింది. అయినా, గింత గొప్ప దిక్కులేకుండ పడి ఉంటే చూసుకుంట ఊకునే మనిషి కాదు ఆయన.

"గోరింక అంటే నేనే," అన్నడు.

జమున గిలాస పెదవుల కాడనే ఆగింది. కవిత్వం అంటే పానమిచ్చే పిల్ల అనుకున్నడు భూపాల్, ఇంకింత ఊపొచ్చింది.

"పెద్ద సంగతేం కాదు తియ్యిండ్రి. మంచె మీద కూసోని నాలుగు ముక్కలు గీకిన, పోస్టు డబ్బల ఏసిన, మర్చిపోయిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పత్రికాయన కవరు చింపిండు, మొదటి లైను చదివిండు, ఏడ్చిండు. ఎంత ఏడ్చిండంటే, ఎవరు పోయిన్రయ్యా అని ఇంటామె ఉరికొచ్చింది. కాయితం ఆమె చేతుల పెట్టిండు. ఆమె ఏడ్చింది. గా ఏడుపు ఇని పక్కింటోళ్లు వచ్చిన్రు, చదివిన్రు, ఏడ్చిన్రు. ఆ పొద్దు ఆ గల్లీల ఒక్క పొయ్యి అంటుకోలే."

"మరి తిండెట్లనే?" అన్నడు భిక్షపతి.

"కవిత ఇన్నంక ఆకలైతదా? ఇను, నీకు సుత ఆకలి చస్తది." భూపాల్ గొంతు సవరించుకొని, పుస్తకం చూడకుండ, చెయ్యి ఊపుకుంట అందుకున్నడు:

"యాడీ,
దారి మీద నిలబడ్డవు.
దారి కాలుతున్నది,
నువ్వు ఉరుకుతవు."

ఆఖరి మాట కాడ జమున పెదవులు కదిలినయ్. సప్పుడు రాలే, ఏదో వేరే మాట అన్నట్టే కదిలినయ్. భూపాల్ చూసిండు గానీ పట్టించుకోలే.

"యాడి అంటే ఏందన్నా?" అని భిక్షపతి అమాయకంగ మొఖం పెట్టి అడిగిండు.

"గదే మరి! యాడికి పోతున్నవ్, యాడున్నవ్ అంటం గదా? గది. యాడున్నది మన తెలంగాణ అని అడుగుతున్న. కవిత్వంల జర దీర్ఘం తీస్తరు. గది చదువుకున్నోళ్లకు ఎరుకైతది."

సారక్క మొఖం పొయ్యి దిక్కు తిప్పుకున్నది. భిక్షపతికి దగ్గొచ్చింది. జమున మాత్రం నవ్వలే.

అప్పుడే మోటరు సైకిల్ ఒకటి వచ్చి ఆగింది. రెయిన్‌కోటు మనిషి దిగి, రేకుల కిందికొచ్చి, చాయ అడిగి నిలబడ్డడు. ఇంకో జత చెవులు దొరికినయని భూపాల్ మురిసిండు.

"గిదేం చూసిన్రు! జనగామల రైల్ రోకో నాడు అందరు పట్టాల మీద కూసున్నరు. నేను కూసోలే. ఎదురుంగ పట్నం రైలు గడగడ వస్తున్నది. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డడు, బ్రేకు పడుతలేదు. ఆడోళ్లు మొత్తుకుంటున్నరు. నేను మైకు అందుకొని, యాడున్నది మన తెలంగాణ అని అడిగినట్టు, 'యాడీ' అన్న. ఒక్కటే మాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలు ఆగింది! డ్రైవరు దిగొచ్చి నా చేతులు పట్టుకొని, భాయ్, రెండో చరణం చదువు అన్నడు. ఆయనకు తెలుగు ముక్క రాదు!"

"గోరింక నువ్వేనా?" అని రెయిన్‌కోటు మనిషి నవ్వుకుంట అడిగిండు.

"నేనే సార్! మీరు సుత చదివిన్రా?"

"చదివిన. అందరం చదివినం."

భిక్షపతి అగ్గిపెట్టె అడిగినట్టు భూపాల్ మీదికి ఒంగిండు. "అన్నా, ఆయన కాళ్ల దిక్కు చూడు," అని చెవుల అన్నడు. "మానుకోట రాస్తారోకోల ఆడోళ్లు గీ కవిత చదువుకుంటనే లాఠీలకు ఎదురుపోయిన్రట. రాత్రి పోలీసులు పత్రికాయనను గుంజుకపోయిన్రట. గోరింక ఎవడని ఊరూరు దేవులాడుతున్నరట."

భూపాల్ కిందికి చూసిండు. రెయిన్‌కోటు కింద ఎర్ర బూట్లు. సర్కారు ఇచ్చే ఎర్ర బూట్లు, పాలిష్ పట్టించినయ్.

గిలాస కింద పెట్టబోతే చాయ తొణికి లాగు మీద పడ్డది. తీసుకపోయినోళ్ల ముచ్చట్లు ఆయన చానా ఇన్నడు. తిరిగొచ్చినంక మడిమలు కింద ఆనియ్యలేక గోడ పట్టుకొని నడిచిన పిల్లగాండ్లను చూసిండు. ఇంటికాడ పెండ్లాం విజయలక్ష్మికి ఎవరు చెప్తరు? నేను కాదంటే? దొరికిన ప్రతోడు నేను కాదనే అంటడు, ఎవరు నమ్ముతరు? ఇగ ఒక్కటే తొవ్వ కనబడ్డది. గింత పెద్ద అబద్ధం ఆడాలె, ఎడ్డోనికి సుత ఇది అబద్ధమని తెలవాలె. గప్పుడు ఇడిచిపెడుతడు.

"రైలు ఏం లెక్క సార్!" అన్నడు. "భూపాలపల్లి బొగ్గు బాయి మీద నిలబడి చదివిన. సమ్మె మనుషులు చేసిన్రని మీరు అనుకుంటున్నరు. కాదు సార్. నా కవిత ఇని బొగ్గే సమ్మెకు దిగింది. ఇగ మేము పైకి రామని బొగ్గే అన్నది!"

ఎవ్వలు నవ్వలే.

"ఊఁ. తర్వాత?" అన్నడు ఎర్ర బూట్లాయన.

"తర్వాతనా? తర్వాత... కాటారం కాడ పొలం గట్టు మీద చదివిన సార్. వరి మొత్తం ఒక్కసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కోతకొచ్చిన వరి! గింజలు రాలుతయని నేనే వద్దన్న!"

"ఊఁ. తర్వాత?"

భూపాల్ సారక్క దిక్కు చూసిండు. కోతలు ఆపు అన్నా అని ఆమె వచ్చినప్పుడల్లా పదిమాట్లు అంటది. ఇయ్యాల గిన్నె రుద్దుకుంట తల ఎత్తుతలేదు. భిక్షపతి వానను చూస్తున్నడు. జమున తల్లి కొంగు గట్టిగ పట్టుకొని కూసున్నది. ఒక్కలన్న నవ్వుండ్రయ్యా, వీడు అబద్ధాలకోరు అనుండ్రయ్యా అని భూపాల్ లోపల్లోపల మొక్కుతున్నడు. నోరు మాత్రం ఆగుతలేదు.

"గోదారి! గోదారి ఎనుకకు మళ్లింది సార్, రెండోసారి ఇనటానికి! చాపలు ఒడ్డుకొచ్చి వరుసల కూసున్నయ్! ఢిల్లీల పెద్ద బిల్డింగు ఉంటది చూడుండ్రి, గుండ్రంగ, అది నా దిక్కు తిరిగింది! సూర్యుడు... సూర్యుడు మబ్బు జరిపి..."

"చాలు," అన్నడు ఆయన. గిలాస నింపాదిగ బెంచి మీద పెట్టిండు. "రైలు ఆపిన్నంటివి. ఆపిన్రు. బొగ్గు బాయి బంద్ పెట్టిచ్చిన్నంటివి. బందైంది. మంచిగనే ఒప్పుకున్నవ్. పా, బండెక్కు. చాపల సంగతి ఆడికి పోయినంక మాట్లాడుకుందం."

భూపాల్ రెండు చేతులతోని బెంచిని పట్టుకున్నడు. "యాడికి సార్? యాడికి? నేను ఏం చెయ్యలే సార్, యాడికి?"

గా మాట ఒక్కటే గంగాబాయి చెవుల పడ్డది. దుప్పటి సదురుకొని, మెల్లగ లేచి, ఆయన కాడికొచ్చింది.

"ఏం నాయినా, ఇందాకటి సంది యాడి, యాడి అని పిలుస్తనే ఉన్నవ్. నన్నేనా? ఆకలైతున్నదా బిడ్డా?"

"నిన్నెందుకు పిలుస్తడు?" అన్నడు ఎర్ర బూట్లాయన.

"యాడి అంటే అవ్వ గద సారూ. మా తండాల కన్నతల్లిని గట్లనే పిలుస్తం. ఎవ్వల బిడ్డనో, పాపం, ఏడుస్తుండు."

ఆయన బెంచి మీది పత్రిక అందుకున్నడు. కవితను మళ్ల మొదటి నుంచి చదివిండు. చదువుతుంటే మొఖం మారింది. ఆ తర్వాత పకపక నవ్విండు. "ఓరినీ! కన్నతల్లిని పట్టుకొని యాడున్నది అని అర్థం చెప్తివి గదయ్యా! నీ బొంద కవి! నీకు కవిత పేరే తెల్వదు."

భూపాల్‌కు పోయిన పానం మళ్లొచ్చింది. ఆ ముసలవ్వ కాళ్లు మొక్కాలనిపించింది. తెల్వదు సార్, నాకేం తెల్వదు, అని దండం పెట్టిండు. అంత సంబురంగ ఆయన ఎన్నడు ఓడిపోలే.

కానీ నవ్వు ఆగిపోయింది. "అంటే రాసింది తండా మనిషి," అన్నడు ఆయన, తనలో తనే అనుకున్నట్టు. ఆయన కండ్లు గంగాబాయిని దాటి మూలకు పోయి ఆగినయ్. "ఏం పిల్లా, ఏం చదువుకున్నవ్?"

జమున బెంచి మీద ఇంకింత మూలకు జరిగింది.

గప్పుడు భూపాల్‌కు ఆ పెదవులు యాదికొచ్చినయ్. ఉరుకుతవు అన్న కాడ వేరే మాట పలికిన పెదవులు. సారక్క ఎందుకు తల ఎత్తలేదో, భిక్షపతి వానను ఎందుకు చూసిండో ఎరుకైంది. గోరింక ఎవరో అందరికీ తెలుసు. తను ఒక్కడే ఎడ్డోడు. పోయిందనుకున్న భయం మళ్లొచ్చింది, ముందటికంటె ఎక్కువొచ్చింది. సప్పుడు చెయ్యకుంటే తనకేం కాదు, జీపు ఎక్కి పోవచ్చు.

"ఆమెకు సదువు రాదు సార్," అన్నడు. "నిరుడు మా మక్క విత్తనాలు తీసుకున్నది. ఏలిముద్ర ఏసింది."

అంతే. ఇంకో ముక్క కలపలే.

"అవు సార్, ఏలిముద్రనే," అన్నది సారక్క, పొయ్యి కాడికెల్లి.

ఎర్ర బూట్లాయన ఇద్దరి దిక్కు చూసిండు. జమున ముంగటికి పోయి పత్రిక అందిచ్చిండు. "చదువు."

జమున రెండు చేతుల తీసుకున్నది. ఒళ్లె పెట్టుకొని తెరిచింది. తలకిందులుగ తెరిచి, బొమ్మలు చూసినట్టు పేజీలు తిప్పింది. నడుమ పేజీ వచ్చింది. దాన్ని సుత అట్లనే తలకిందులుగ చూసింది. "రాదు సారూ," అన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. భయపడ్డదనుకున్నడు ఆయన.

"ఏం తండాలయ్యా మీయి," అని ఉమ్మేసి, బండెక్కి గూడూరు దిక్కు పోయిండు.

బండి సప్పుడు వానల కలిసిపోయేదాక ఎవ్వలు కదలలే. గంగాబాయి తను తెచ్చుకున్న రొట్టె సగం తుంచి భూపాల్ చేతుల పెట్టింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అని అడుగవేందన్నా?" అన్నడు భిక్షపతి. భూపాల్ తల అడ్డంగ ఊపిండు. నోట్లె రొట్టె ఉన్నది.

జమున పత్రికను సరిగ్గ తిప్పి పట్టుకున్నది. ఆ పేజీ మీద అరచేయి పెట్టి ముడుతలు సాపు చేసింది. మెల్లగ, బడిల పిల్లగానికి చెప్పినట్టు, అన్నది:

"'నువ్వు ఉరుకుతవు' కాదన్నా. 'నువ్వు జరుగవు'."